గుండె వాల్వు మార్చే ముందు సీటీ: ఏ స్కాన్, ఏ వాల్వు, ఏ దారి?

లెక్క కోసం, బృహద్ధమని వాల్వు బిగుసుకుపోయి మార్చాల్సివచ్చిన ఒక పేషెంటును ఊహించుకుందాం. ఎకో రిపోర్టులో బృహద్ధమని వాల్వు కూర్చునే వలయం వ్యాసం 21 మిల్లీమీటర్లని ఉంది. వలయం గుండ్రంగా ఉందనుకుంటే వైశాల్యం సుమారు 346 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. బెలూన్‌తో విచ్చుకునే శాపియెన్ 3 వాల్వు సైజుల పట్టికలో చూస్తే దీనికి 23 నంబరు సరిపోతుంది. అదే మనిషికి సీటీ తీశారు. వలయం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. ఒకవైపు 21, ఇంకోవైపు 27. ఇప్పుడు వైశాల్యం 445. పట్టికలో గడి మారిపోయింది, 26 నంబరు వాల్వు కావాలి.

ఎకో తప్పు చెప్పలేదు. అది కొలిచిన 21 నిజమే. కాకపోతే అది గుడ్డును సన్నగా ఉన్న వైపు నుంచి మాత్రమే చూసింది. ఆ కొలత నమ్మి 23 నంబరు పెడితే, కంపెనీ చెప్పిన మేరకు పూర్తిగా విచ్చుకుంటే ఆ వాల్వు వైశాల్యం 409. 445 ఉన్న చోట 409 పెడితే చుట్టూ సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి రక్తం వెనక్కి కారుతుంది, ఒక్కోసారి వాల్వే జారిపోతుంది.

ఛాతీ తెరవకుండా, ఎక్కువగా తొడ దగ్గరి రక్తనాళం గుండా వాల్వు పెట్టే పద్ధతిని టావీ అంటారు, కొందరు టావర్ అంటారు. దీనికి సిద్ధమవుతున్న కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏ కంపెనీ వాల్వు మంచిది?" అని. సీటీ కొలతలు చేతికి రాకముందు ఈ ప్రశ్నకు అర్థం లేదు. కాలు కొలవకుండా ఏ చెప్పులు మంచివని అడిగినట్టే ఉంటుంది.

ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్‌లో సర్జన్ పాత వాల్వును కోసి తీసేస్తారు. ఆ తర్వాత ఒక్కో సైజు కొలత పరికరాన్ని వలయంలో పెట్టి చూసుకుంటారు. అంతా కళ్ల ముందు, చేతి కింద జరుగుతుంది. టావీలో పాత వాల్వును తీయరు. కొత్తది దాన్ని పక్కకు నొక్కేసి మధ్యలో కూర్చుంటుంది. లోపల ఏముందో ఎవరికీ నేరుగా కనిపించదు. ఎక్స్‌రే తెర మీద నీడలు చూస్తూ పని కానివ్వాలి. అందుకే కొలతలన్నీ ముందే అయిపోవాలి. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియె మొదటిసారి మనిషికి ఈ పద్ధతిలో వాల్వు పెట్టారు. తొలి ఏళ్లలో సైజు ఎంపికకు ఎకోనే ఆధారం, వాల్వు చుట్టూ లీకు పెద్ద తలనొప్పిగా ఉండేది. సీటీ కొలతలకు మారాక అది బాగా తగ్గింది. వాల్వుల డిజైన్ మెరుగుపడడమూ ఒక కారణమనుకోండి, అయినా సైజు ముందు తేలాలి.

ఎకో, సీటీ, టీఈఈ, ఎంఆర్‌ఐ: ఎప్పుడు ఏది

ఇవి ఒకదాని బదులు ఇంకోటి చేయించుకునే పరీక్షలు కావు. వాల్వు ఎంత బిగుసుకుపోయిందో తేల్చేది మామూలు ఎకోనే. వాల్వు గుండా రక్తం సెకనుకు 4 మీటర్లు లేదా అంతకంటే వేగంగా దూసుకెళ్తుంటే, వాల్వుకి అటూ ఇటూ సగటు ఒత్తిడి తేడా 40 ఎంఎంహెచ్‌జీ లేదా ఆపైన ఉంటే, వాల్వు తెరుచుకునే వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు లేదా అంతకు తక్కువైతే అది తీవ్రమైన బిగుతు. ఈ వేగం, ఒత్తిడి సంగతులు సీటీ చెప్పలేదు. కాబట్టి సీటీ తీశాం కదా, మళ్లీ ఎకో ఎందుకు అనకండి.

వాల్వు మార్చాలని తేలాక, టావీ ఆలోచనలో ఉంటే, నా ఓటు సందేహం లేకుండా, నాళాలు స్పష్టంగా కనపడేందుకు డై ఎక్కించి తీసే సీటీకే. వలయం కొలత, గుండెకు రక్తం తీసుకెళ్లే కరొనరీ నాళాల ఎత్తు, బృహద్ధమని వంపు, తొడ నాళాల వెడల్పు, ఎక్కడెక్కడ సున్నం (కాల్షియం) గడ్డకట్టింది అన్నవన్నీ ఒక్క పరీక్షలో వచ్చేస్తాయి. మిగతా ఏ పరీక్షా ఒంటరిగా ఇన్ని చెప్పదు.

ఆహారనాళంలోకి గొట్టం దించి తీసే టీఈఈ ఎకో, అందులోనూ త్రీడీ రకం, వలయాన్ని సీటీకి దగ్గరగానే కొలుస్తుంది. డై అక్కర్లేదు, రేడియేషన్ లేదు. కానీ గొట్టం మింగాలి, మత్తు కావాలి. సున్నం ఎక్కువగా ఉన్నచోట నీడ పడి అంచు సరిగా కనపడదు. తొడ నాళాల గురించి అది ఏమీ చెప్పదు. అందుకని దీన్ని ఎంచుకున్నవాళ్లు కాళ్ల నాళాల కోసం డై లేకుండా పొట్ట, తుంటి భాగానికి సీటీ కూడా కలుపుకోవాల్సి ఉంటుంది. డై లేని సీటీలో నాళం లోపలి ఖాళీ స్పష్టంగా తెలియకపోయినా గోడల మీది సున్నం, నాళం వంకరలు బాగానే తెలుస్తాయి.

ఎంఆర్‌ఐ కూడా డై లేకుండా వలయాన్ని కొలవగలదు. రెండు ఇబ్బందులున్నాయి. సున్నం అందులో సరిగా కనపడదు, ఈ వ్యవహారంలో సగం గొడవ సున్నంతోనే. పైగా ఆయాసంతో ఉన్న పెద్దవాళ్లు చాలాసేపు కదలకుండా పడుకుని పదేపదే ఊపిరి బిగబట్టాలి. పాత పేస్‌మేకర్ ఉంటే అదో ఆలోచన. నేనైతే మూడో స్థానంలో పెడతాను.

అసలు తర్జనభర్జన కిడ్నీ దగ్గరే వస్తుంది. వాల్వు బిగుసుకున్న వయసులో చాలామందికి క్రియాటినిన్ ఎంతో కొంత పెరిగే ఉంటుంది. ఈ స్కాన్‌కి మామూలుగా 50 నుంచి 100 మిల్లీలీటర్ల డై పడుతుంది. కొత్త మిషన్ల మీద ఇంకా తగ్గించవచ్చు. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 45 ప్రాంతంలో ఉంటే ఎక్కువ సందేహించకుండా డై తగ్గించి సీటీ తీయించడమే మేలు. 30 కంటే తక్కువైతే కిడ్నీ డాక్టరును కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. త్రీడీ టీఈఈ, డై లేని సీటీ జోడీ పనికొచ్చేది ఇలాంటివాళ్లకే. ఇప్పటికే డయాలసిస్ మీద ఉండి మూత్రం దాదాపు రానివాళ్లకు డై భయం అంతగా అడ్డు కాదు. కిడ్నీకి మంచిదని సెలైన్ ఎక్కువగా ఎక్కించడం మాత్రం ఈ పేషెంట్లలో ప్రమాదం, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు స్కాన్ రోజు ఆపాలా అని ముందే అడగాలి, కిడ్నీ బాగుంటే చాలాసార్లు ఆపక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. కిడ్నీకి భయపడి సీటీ మానేసి, అరకొర కొలతలతో టావీకి వెళ్తే ఏమవుతుంది? టావీ చేసే ఎక్స్‌రే గదిలో, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో, సందేహం వచ్చిన ప్రతిసారీ డై కొట్టి చూడాలి. సైజు తప్పితే రెండో వాల్వు, మళ్లీ డై. మొదట ఆదా చేసిన 60 మిల్లీలీటర్లు ఆ రోజే రెట్టింపై ఖర్చవుతాయి.

ఇక రేడియేషన్. 80 ఏళ్ల మనిషికి ఇది నిర్ణయాన్ని మార్చే విషయం కాదు. 45 ఏళ్ల మనిషికైతే స్కాన్‌ను ఎంతవరకు తీయాలి, మళ్లీ మళ్లీ తీయాలా అని అడగడం న్యాయమే.

"ఛాతీ సీటీ మొన్ననే తీయించాం కదా"

దగ్గు కోసమో జ్వరం కోసమో తీసిన ఛాతీ సీటీ ఇక్కడ పనికిరాదు. గుండె కొట్టుకుంటూ ఉంటుంది, వలయం ప్రతి కొట్టుకి సాగుతుంది, ముడుచుకుంటుంది. ఈసీజీ తీగలు తగిలించి, గుండె కొట్టుకునే లయతో స్కాన్‌ను జతచేస్తేనే అంచులు కదలకుండా కనిపిస్తాయి. దాన్నే ఈసీజీ గేటింగ్ అంటారు. సాధారణంగా వలయం పెద్దదిగా ఉండేది గుండె రక్తాన్ని బయటికి నెట్టే దశలో, కాబట్టి ఆ దశ బొమ్మల మీదే కొలుస్తారు. ముక్కలు 1 మిల్లీమీటరు లేదా అంతకంటే పలచగా ఉండాలి. గుండె భాగం ఇలా తీశాక ఛాతీ నుంచి తొడల వరకు ఇంకో విడత వేగంగా తీస్తారు, దానికి గేటింగ్ అక్కర్లేదు.

మామూలు కరొనరీ సీటీకి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర, నాలుక కింద నైట్రోగ్లిసరిన్ ఇస్తారు. వాల్వు తీవ్రంగా బిగుసుకున్నవాళ్లలో నైట్రోగ్లిసరిన్ బీపీని ఒక్కసారిగా పడగొట్టవచ్చు, అందుకని ఇవ్వరు. బీటా బ్లాకర్ విషయంలోనూ జాగ్రత్తగా ఉంటారు. స్కాన్ టేబుల్ మీదికి ఎక్కేముందు "నాకు వాల్వు బిగుతు ఉంది" అని టెక్నీషియన్‌కి ఒకసారి చెప్పడంలో తప్పు లేదు. రిక్వెస్టు కాగితంలో ఉన్నా సరే చెప్పండి.

సరే, బొమ్మలు వచ్చాయి. కొలిచేది ఎలాగో కొంచెం దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే రిపోర్టులోని అంకె ఎంత నమ్మాలో అక్కడే తెలుస్తుంది. వలయం అని ఇంతసేపు మాట్లాడుకుంటున్నాం గానీ, నిజానికి లోపల రింగు లాంటిదేమీ లేదు. వాల్వుకి మూడు రెక్కలుంటాయి. ఒక్కో రెక్క గోడకి అతుక్కున్న అట్టడుగు బిందువు పట్టుకుని, ఆ మూడు బిందువులనూ కలుపుతూ ఒక తలాన్ని గీస్తారు. ఆ తలం రక్తం నిండిన చోటును ఎక్కడ కోస్తుందో ఆ గీతే వలయం. కంప్యూటర్ మీద ఒక రెక్క అడుగు పట్టుకున్నాక తలాన్ని తిప్పితే రెండోది వస్తుంది, రెండోదానికి సర్దితే మొదటిది కాస్త జరుగుతుంది. మూడూ ఒకేసారి తలంలో మాయమయ్యేదాకా అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. తలం కొంచెం వాలినా, సున్నం ముద్దను లోపలికి కలుపుకుని గీసినా, బయట వదిలేసి గీసినా వైశాల్యం మారుతుంది. అందుకే రెండు సైజుల సరిహద్దులో ఉన్న కొలతను ఇంకొకరితో విడిగా కొలిపించమని అడగడం అనుమానించడం కాదు, మంచి సెంటర్లలో అది అలవాటే.

దీన్నిబట్టి ఒక సలహా. స్కాన్ అయ్యాక ఫిల్ములూ ప్రింటు కాగితాలూ తీసుకుని వచ్చేయకండి. పలచటి ముక్కలన్నీ ఉన్న డిస్కు తీసుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు అవతలి డాక్టరు కొలవగలిగేది దాని మీదే, ఫిల్ము మీద కాదు.

డై లేకుండా తీసే చిన్న సీటీ

ఇదో చవకైన, తేలికైన పరీక్ష, దీన్ని చాలామంది పట్టించుకోరు. కొందరిలో ఎకో అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. వాల్వు వైశాల్యం తక్కువ, కానీ ఒత్తిడి తేడా 40 దాటదు. గుండె పంపింగ్ బలహీనపడి తేడా తక్కువ కనిపిస్తోందా, లేక వాల్వు నిజంగానే అంత బిగుసుకోలేదా? అప్పుడు డై లేకుండా వాల్వు మీది సున్నాన్ని లెక్కగట్టే సీటీ తీస్తారు. స్కోరు ఆడవాళ్లలో 1200, మగవాళ్లలో 2000 దాటితే తీవ్రమైన బిగుతుకే మొగ్గు. ఆడవాళ్లకు గీత తక్కువలో ఎందుకంటే, అంతే బిగుతుకు వాళ్ల వాల్వుల్లో సున్నం తక్కువ, నార కణజాలం పాలు ఎక్కువ. సూది లేదు, కిడ్నీ గొడవ లేదు. ఎకో స్పష్టంగా చెప్పేసినవాళ్లకు మాత్రం దీని అవసరం లేదు.

బెలూన్ వాల్వా, తనంతట విచ్చుకునే వాల్వా

మొదట్లో చెప్పిన పేషెంటు దగ్గరికి మళ్లీ వద్దాం. వైశాల్యం 445, చుట్టుకొలత లెక్కగడితే సుమారు 75.7 మిల్లీమీటర్లు. బెలూన్ వాల్వులకు వైశాల్యం చూసి, తనంతట విచ్చుకునే వాల్వులకు చుట్టుకొలత చూసి సైజు తేలుస్తారు. శాపియెన్ 3లో 23కీ 26కీ మధ్య గీత 430 దగ్గరుంది, మన మనిషి దాన్ని కాస్తే దాటారు. 26 నంబరు పూర్తిగా విచ్చుకుంటే 519, అంటే ఉన్న చోటుకంటే దాదాపు 17 శాతం ఎక్కువ. వలయం మెత్తగా ఉంటే ఇబ్బంది లేదు. కానీ వలయం కిందే, గుండె నుంచి రక్తం బయటికొచ్చే దారిలో, గట్టి సున్నం ముద్ద ఉందనుకోండి. 20 శాతం లేదా ఆపైన పెద్దది పెట్టి బెలూన్‌తో నొక్కితే వలయం చిట్లిపోయే ముప్పు పెరుగుతుందని తెలుసు. అరుదే, కానీ జరిగితే ప్రాణం మీదికొస్తుంది. 17 అంటే ఆ గీతకు దూరమేమీ కాదు.

ఇలాంటప్పుడు ఒక్కో టీమూ ఒక్కోలా వెళ్తుంది. కొందరు 26నే పెట్టి బెలూన్‌లో కొంచెం తక్కువ నింపుతారు. ఇంకొందరు మధ్య సైజులున్న వాల్వు వెతుకుతారు. మైవాల్ లాంటి బెలూన్ వాల్వుల్లో 24.5 సైజు ఉంది, దాని వైశాల్యం 471, అంటే 6 శాతం మాత్రమే ఎక్కువ. మూడో దారి తనంతట విచ్చుకునే వాల్వు. ఆ రకానికి చెందిన ఎవల్యూట్ పట్టికలో 75.7 చుట్టుకొలత 29 నంబరు గడి మధ్యలో హాయిగా పడుతుంది, ఆ గడి 72.3 నుంచి 81.7 వరకు. అది బెలూన్‌లా ఒక్కసారిగా తోయదు, మెల్లగా విచ్చుకుని నొక్కుతుంది, అందుకే సున్నం ఎక్కువున్న చోట దానివైపు మొగ్గు చూపేవాళ్లున్నారు. ఒకే మనిషి, ఒకే స్కాన్, మూడు సమాధానాలు. ఏది మంచి కంపెనీ అన్న ప్రశ్న ఇక్కడ ఎంత చిన్నదైపోయిందో చూడండి.

వలయం చిన్నదైతే తక్కెడ తనంతట విచ్చుకునే రకం వైపు వాలుతుంది. ఇది ముఖ్యంగా ఆడవాళ్ల సమస్య. 430 లేదా అంతకు తక్కువ వైశాల్యం ఉన్నవాళ్లలో ఈ రెండు రకాలనూ పోల్చి చూసిన స్మార్ట్ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. అందులో దాదాపు 87 శాతం మహిళలే. ఏడాది తర్వాత చూస్తే తనంతట విచ్చుకునే వాల్వులో రక్తం సులువుగా సాగింది, వాల్వు పనితీరు మెరుగ్గా ఉంది. మరణాలు, స్ట్రోకుల్లాంటి వాటిలో ఆ ఏడాదికి చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

అలాగని దానికే జై కొట్టలేం. దాని చట్రం పొడవుగా ఉండి కరొనరీ నాళాల ముఖద్వారాలను దాటి పైకి వెళ్తుంది. రేపు గుండెపోటు వచ్చి స్టెంటు వేయాల్సివస్తే ఆ జాలీ సందుల్లోంచి కరొనరీ నాళంలోకి వెళ్లడం కష్టం. 68 ఏళ్ల మనిషికి, అప్పటికే ఒకటి రెండు బ్లాకులున్నవారికి ఇది చిన్న విషయం కాదు. పేస్‌మేకర్ అవసరం కూడా మొత్తమ్మీద ఈ రకంలోనే ఎక్కువ. పేస్‌మేకర్ ముప్పుకి సీటీలో ఒక సూచన దొరుకుతుంది. వలయం కిందే గుండె గదుల మధ్య పలచటి పొర ఉంటుంది, గుండె కొట్టుకునే సంకేతం మోసే కరెంటు తీగల్లాంటి తంతువులు దాని అడుగు నుంచే వెళ్తాయి. ఆ పొర పొట్టిగా ఉన్నవారిలో వాల్వు కాస్త లోతుకి దిగినా ఆ తంతువుల మీద ఒత్తిడి పడుతుంది. ఈసీజీలో ముందే రైట్ బండిల్ బ్లాక్ (గుండె కుడివైపుకి సంకేతం వెళ్లే దారిలో అడ్డు) ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ కలిసినవారికి వాల్వు ఎంత పైన పెట్టగలరన్నది ముందే మాట్లాడుకోవాలి.

రెండు రకాలకూ ఉమ్మడిగా చూడాల్సింది కరొనరీ ఎత్తు. కొత్త వాల్వు పాత రెక్కను పక్కకు నొక్కినప్పుడు ఆ రెక్క వెళ్లి కరొనరీ నాళం నోటిని మూసేయవచ్చు. వలయం నుంచి నాళం నోటి దాకా 10, 12 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండి, బృహద్ధమని మొదట్లో సహజంగా ఉండే ఉబ్బు వెడల్పు కూడా 30 మిల్లీమీటర్లలోపే ఉంటే జాగ్రత్త పడాలి. ఎత్తు ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. నాళం కిందగా ఉన్నా చుట్టూ ఖాళీ బాగా ఉంటే రెక్క గోడదాకా చేరదు. ముప్పు నిజంగా ఉంటే ముందుజాగ్రత్తగా నాళంలో వైరు ఉంచుకోవడం, రెక్కను నిలువుగా చీల్చే బసిలికా పద్ధతి లాంటి ఉపాయాలున్నాయి. లేదంటే ఆపరేషన్.

తొడ దారి కుదరకపోతే

తొడ నాళం దారే మొదటి ఎంపిక, దీనిలో వాదన లేదు. మిగతా దారులతో పోలిస్తే కోలుకోవడం వేగం, ఇబ్బందులు తక్కువ. సీటీ చూడాల్సింది ఆ దారి సరిపోతుందా అన్నదే. శాపియెన్ 3లో 20, 23, 26 నంబర్లకు నాళం లోపలి వెడల్పు కనీసం 5.5 మిల్లీమీటర్లు కావాలి, 29కి 6. ఎవల్యూట్ చిన్న సైజులకు 5 సరిపోతుంది. అర మిల్లీమీటరు తేడాకి వాల్వు రకం మారిన సందర్భాలున్నాయి, ముఖ్యంగా చిన్న ఆకారం ఉన్న ఆడవాళ్లలో.

వెడల్పు అంకె ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. నాళం మెలికలు తిరిగినా సున్నం లేకపోతే గట్టి వైరు వేయగానే సాఫీ అవుతుంది. వెడల్పు బాగున్నా గుర్రపు లాడంలా సున్నం గోడ చుట్టూ పట్టేసి ఉంటే, అది సాగదు, చిరుగుతుంది. మెలిక, సున్నం రెండూ ఒకేచోట కలిస్తే ఆ వైపు వదిలేసి రెండో కాలు చూడటం మంచిది. కుడి కాలు కుదరకపోతే ఎడమ కాలు ఉంది కదా, రిపోర్టులో రెండువైపుల కొలతలూ ఉండాలి. అదీ కాకపోతే భుజం కింది సబ్‌క్లేవియన్ నాళం, మెడలోని కెరోటిడ్ నాళం వంటి దారులుంటాయి. వాటి వెడల్పు తెలియాలంటే స్కాన్ ఆ ఎత్తు దాకా తీసి ఉండాలి. తీయకపోతే మళ్లీ డై, మళ్లీ టెన్షన్. కాళ్ల నాళాల జబ్బు ముందే ఉన్నవారు స్కాన్‌కి ముందే ఈ మాట చెప్పడం మంచిది.

సీటీ చూశాక ఆపరేషనే మేలనిపిస్తే

వయసు గీతలు అందరికీ తెలిసినవే, అయినా దేశదేశానికీ తేడా ఉంది. అమెరికా 2020 మార్గదర్శకాల్లో 65 లోపు వారికి ఆపరేషన్, 80 దాటినవారికి టావీ, మధ్యలో కలిసి నిర్ణయించుకోవాలి. యూరప్ 2021లో 75 దగ్గర గీత గీసి, 2025లో 70కి దించింది. ఈ గీతల దగ్గర ఉన్నవాళ్లకు సీటీయే తీర్పు చెబుతుంది.

పుట్టుకతో రెండు రెక్కలే ఉన్న వాల్వు, రెక్కలు కలిసిపోయిన చోట బలమైన సున్నపు గీత, దానితోపాటు ఉబ్బిన బృహద్ధమని. ఇది నాకు ఆపరేషన్ చెప్పే బొమ్మ. టావీ ఆ ఉబ్బును బాగుచేయదు, సర్జన్ రెండూ ఒకేసారి సరిచేస్తారు. గుండె నుంచి పైకి లేచే బృహద్ధమని భాగం 4.5 సెంటీమీటర్లకు చేరితే వాల్వు ఆపరేషన్‌తో పాటే దాన్నీ మార్చే ఆలోచన చేస్తారు. వలయం మరీ చిన్నదై మనిషి వయసు తక్కువైతే కూడా సర్జన్ దాన్ని కోసి వెడల్పు చేయగలరు, టావీ వల్ల అది కాదు. ఎడమ ప్రధాన కరొనరీలో బ్లాకులు, బైపాస్ అవసరం ఉంటే అటే మొగ్గు.

దీనికి అచ్చంగా వ్యతిరేకమైన బొమ్మ కూడా ఉంది. బృహద్ధమని గోడంతా పింగాణీలా సున్నంతో గట్టిపడితే సర్జన్ దాని మీద క్లాంప్ పెట్టలేరు, ముక్కలు రాలి మెదడుకి వెళ్తాయి. లేదా పాత బైపాస్ నాళం రొమ్ము ఎముకకు సరిగ్గా వెనకే అంటుకుని ఉంటుంది, ఎముక కోస్తే అదీ తెగుతుంది. అరవై ఏళ్ల మనిషికైనా ఇవి చూశాక టావీ గురించి మాట్లాడతారు. ఈ రెండూ ఎకోలో అంతు పట్టవు. అందుకే ఓపెన్ ఆపరేషన్ అనుకున్నా, రెండోసారి ఛాతీ తెరవబోతుంటే ముందు సీటీ తీయించమని గట్టిగా అడగండి.

సీటీలోనే కరొనరీ బ్లాకులు కూడా చూసి విడిగా యాంజియోగ్రామ్ తప్పించుకోవచ్చా? బొమ్మ స్పష్టంగా వచ్చి, పెద్ద నాళాల మొదళ్లు శుభ్రంగా ఉంటే చాలామందికి తప్పించవచ్చు. సున్నం ఎక్కువైతే మాత్రం సీటీలో అది ఉబ్బినట్టు కనిపించి బ్లాకు ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది. అప్పుడు యాంజియో తప్పదు.

పాత కృత్రిమ వాల్వు లోపల కొత్తది, ఇంకా మైట్రల్

పదేళ్ల కిందట సర్జన్ కుట్టిన కణజాల వాల్వు పాడైతే దాని లోపలే టావీ వాల్వు పెడతారు. సైజు విషయంలో ఇది సులువు, పాత వాల్వు కంపెనీ, నంబరు తెలిస్తే లోపలి వెడల్పు పట్టికల్లో ఉంటుంది. పాత ఆపరేషన్ కాగితం దాచుకున్నవాళ్లకు ఇక్కడ చాలా శ్రమ తప్పుతుంది. ముప్పు కరొనరీల దగ్గరే. సీటీ మీద కొత్త వాల్వును ఊహించి గీసి, దాని అంచు నుంచి కరొనరీ నోటి దాకా దూరం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లలోపు అయితే మూసుకుపోయే ముప్పు ఎక్కువ.

గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు వేరే లోకం. అక్కడ కొత్త వాల్వు కూర్చున్నాక రక్తం బయటికెళ్లే దారి ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న. సీటీ మీద బొమ్మ వాల్వు పెట్టి ఆ మిగిలే దారిని కొలిస్తే 1.7 చదరపు సెంటీమీటర్ల లోపు వచ్చినవారిలో దారి మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఇందులో సీటీ లేకుండా అడుగు వేసే మాటే లేదు. టీఈఈ కూడా కావాలి, ఒకటి చాలదు.

రిపోర్టు చేతికొచ్చాక వలయం వైశాల్యం, చుట్టుకొలత, రెండు వ్యాసాలు, ఏ దశలో కొలిచారు, రెండు కరొనరీల ఎత్తులు, వలయం కింద సున్నం, రెండు కాళ్ల నాళాల అతి సన్నని చోటు వెడల్పు, క్యాథ్‌ల్యాబ్‌లో ఎక్స్‌రే గొట్టం ఏ కోణంలో పెట్టాలి అన్నవి ఉన్నాయో లేవో చూడండి. "టావీకి అనుకూలం" అని ఒక్క వాక్యంతో ముగిసిన రిపోర్టు పట్టుకుని డబ్బు కట్టకండి, వివరం అడగండి. ఊపిరితిత్తుల్లోనో కిడ్నీలోనో అనుకోని మచ్చ బయటపడటం ఈ వయసులో మామూలే. అది వాల్వు పనిని ఆపేంతటిదా, తర్వాత చూసుకోవచ్చా అని అప్పుడే తేల్చుకోవాలి.

వాల్వు పెట్టాక అంతా బాగుండి, కొన్ని నెలలకు ఎకోలో ఒత్తిడి తేడా మళ్లీ పెరిగిందనుకోండి. కొత్త వాల్వు రెక్కల మీద పలచగా రక్తం గడ్డ పట్టిందేమోనని చూసేదీ గేటింగ్ చేసిన సీటీలోనే. గడ్డ అయితే చాలాసార్లు రక్తం పలచబరిచే మందులకే కరుగుతుంది, అందరూ అనుకున్నట్టు వాల్వు పాడైపోలేదని తెలుస్తుంది. ఆ రోజు మొదటి స్కాన్ డిస్కు పక్కన పెట్టుకుని పోల్చి చూస్తారు. కాబట్టి ఆ డిస్కు మీద పేరు, తేదీ రాసి, వాల్వు కంపెనీ ఇచ్చే కార్డుతో పాటే దాచండి.